రైతు బజార్ కూరగాయలు ఇంటికి చేర్చే యాప్: హన్మకొండ, వరంగల్, కాజీపేట వాళ్లు ఓ మాట చెప్పండి

కాజీపేట_కోడర్ · ఆదివారం రాత్రి 9:10

అందరికీ నమస్తే. మేం ముగ్గురం ఇంజనీరింగ్ ఫైనలియర్. కాలేజీ ప్రాజెక్టు కోసం మొదలుపెట్టిన యాప్ ఇది, ఇప్పుడు నిజంగానే నడపాలని ఉంది. రైతు బజార్‌లో అమ్మే రైతుల దగ్గరే కొని ఇంటికి చేర్చడం మా ఆలోచన. యాప్‌ని ఫ్లట్టర్‌లో రాస్తున్నాం, వెనకాల డేటా దాచేది ఫైర్‌బేస్.

కస్టమర్ స్క్రీన్లు దాదాపు అయిపోయాయి. ఓటీపీ లాగిన్, కూరగాయల లిస్టు, కార్ట్, పేమెంట్, బండి ఎక్కడుందో చూపే మ్యాప్. రైతుకి వేరే యాప్ ఉంటుంది. పొద్దున సరుకు ఫోటో తీసి ధర, కిలోలు పెడతాడు, ఆర్డర్ వస్తే యాక్సెప్ట్ నొక్కుతాడు. మా వాళ్లు గంటలో చేరుస్తారు.

రైతులు యాప్ వాడతారా? ధర ఎవరు పెట్టాలి? గంటలో డెలివరీ మన దగ్గర కుదురుతుందా? మేం చూడనివి ఏమున్నా చెప్పండి, తిట్టినా పర్లేదు.

మడికొండ_బ్యాకెండ్ · ఆదివారం రాత్రి 9:34

తమ్మీ, స్క్రీన్లు కాసేపు పక్కన పెట్టు. ఒక్క ఆర్డర్ కథ మొత్తం చెప్పు. సుబేదారిలో ఒకావిడ కిలో టమాట, అర్ధకిలో బెండకాయ, రెండు కట్టల పాలకూర, పావుకిలో పచ్చిమిర్చి పెట్టింది. టమాట ఒక రైతు దగ్గర, బెండ ఇంకొకరి దగ్గర, పాలకూర ఇంకో అమ్మ దగ్గర. తూకం ఎవరు వేస్తారు? అన్నీ ఒక సంచిలోకి ఎవరు చేరుస్తారు? పొద్దున ఏడింటి రద్దీలో మీ పిల్లగాడు నాలుగు చోట్ల నిలబడి రావాలంటే గంట అక్కడే అయిపోతుంది.

మీ కోడ్‌లో ఆర్డర్ స్టేటస్‌లు ఏమేం ఉన్నాయి?

కాజీపేట_కోడర్ · ఆదివారం రాత్రి 9:41

పెట్టారు, ఒప్పుకున్నారు, బయల్దేరింది, చేరింది. నాలుగే అన్నా.

మడికొండ_బ్యాకెండ్ · ఆదివారం రాత్రి 9:45

అసలు పనంతా ‘ఒప్పుకున్నారు’కి, ‘బయల్దేరింది’కి మధ్యలోనే ఉంది. అక్కడ నీ దగ్గర ఖాళీ.

సుబేదారి_సుగుణ · ఆదివారం రాత్రి 10:05

ఆ సుబేదారి ఆవిడని నేనే అనుకోండి 🙂 కొనేవాళ్ల వైపు నుంచి చెప్తాను.

బెండకాయ కొస విరిచి చూడకుండా నేనెప్పుడూ కొనలేదు. టక్కున విరగాలి, వంగిందంటే ముదిరినట్టే. వంకాయకి పుచ్చు ఉందేమో తిప్పి తిప్పి చూస్తాం. ఫోన్‌లో ఆ పని మీరే నా బదులు చెయ్యాలి. నెట్‌లోంచి తీసిన మెరిసే టమాట ఫోటో నాకెందుకు? ఈ రోజు వచ్చిన సరుకు ఫోటో పెట్టండి, మచ్చలున్నా సరే. పక్కన ‘లేత’, ‘పండినవి’, ‘పచ్చడికి పనికొచ్చేవి’ అని ఒక మాట ఉంటే చాలు. బాగాలేకపోతే ఆ ఒక్క ఐటమ్ డబ్బులు గొడవ లేకుండా తిరిగి రావాలి.

నేను అడిగింది లేకపోతే దాని బదులు ఇంకోటి వెయ్యొద్దు. చిక్కుడుకాయ బదులు గోకరకాయ వచ్చిందంటే మా ఇంట్లో ఆ రోజు యుద్ధమే.

గంటలో అక్కర్లేదు. నేను ఎనిమిదిన్నరకి ఇల్లు దాటాలి. ఏడున్నరలోపు తలుపు దగ్గరికి వస్తే చాలు.

ఆత్మకూరు_రైతు · సోమవారం ఉదయం 5:50

రైతు యాప్ గురించి అడిగిండ్రు కాబట్టి చెప్తున్న. ఇప్పుడు టైం చూడండి, నేను బజార్‌లోనే ఉన్న. ఆటోలో మూటలు దింపి, నీళ్లు చల్లి, కుప్పలు పోస్తున్న. ఇంకాసేపట్లో జనం మీద పడతరు. తొమ్మిది దాకా చేతులు ఖాళీ ఉండవు, చేతికి మట్టి, తడి. అప్పుడు ఫోన్ తీసి యాక్సెప్ట్ నొక్కమంటే ఎట్ల? ఎదురుగా సంచి పట్టుకొని నిలబడ్డ మనిషిని వదిలి ఫోన్‌ల ఉన్న మనిషికి తూకం వెయ్యలేం కదా.

ఇంకో సంగతి. చాలా ఇండ్లల్ల అమ్మేది ఆడోళ్లు. బస్సు ఫ్రీ అయినప్పటి నుంచి మా ఊరి ఆడోళ్లు ఎక్కువగా బస్సుకే వస్తున్నరు. పెద్ద ఫోన్ మాత్రం ఇంట్ల కొడుకు దగ్గర ఉంటది. మీ యాప్ ఆ కొడుకు ఫోన్‌ల మోగుతది, సరుకేమో తల్లి ముందు ఉంటది.

మాకు పనికొచ్చేది ఒక్కటే. రేపటికి ఎన్ని కిలోలు కావాల్నో ముందు రోజే చెప్పండి. గంత మందమే ఎక్కువ కోసుకొస్తం. పది దాటితే ధర పడుతది, మిగిలింది ఎంతకో ఒకంతకి ఇచ్చి పోవుడే. ముందే చెప్పిన సరుకు ఉంటే ఆ నష్టం తగ్గుతది. పైసలు మాత్రం అదే రోజు ఇయ్యాలె. ఆటో కిరాయి, కూలి ఆ రోజుదే.

కాజీపేట_కోడర్ · సోమవారం ఉదయం 8:20

అన్నా, చాలా థాంక్స్. అంటే రైతు యాప్ అసలు వద్దంటారా?

ఆత్మకూరు_రైతు · సోమవారం ఉదయం 10:40

ఫోన్ చెయ్యి తమ్మీ, చాలు.

మార్కెట్_పెద్దాయన · సోమవారం ఉదయం 11:15

నేను మార్కెటింగ్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. రైతు బజార్లు 1999 జనవరిలో ఉమ్మడి రాష్ట్రంలో మొదలయ్యాయి. దళారీ లేకుండా రైతే నేరుగా తినేవాడికి అమ్మాలి, దాని ఉద్దేశం అది. అందుకే రైతుకి ఫోటో ఉన్న గుర్తింపు కార్డు ఇస్తారు, నిజంగా పండిస్తున్నాడో లేదో చూస్తారు. రోజూ పొద్దున ధరలు బోర్డు మీద రాస్తారు. హోల్‌సేల్ కంటే రైతుకి కొంత ఎక్కువ రావాలి, బయటి దుకాణం కంటే కొనేవాడికి కొంత తక్కువ పడాలి, అలా లెక్క కడతారు.

ఇప్పుడు మీ యాప్ సంగతి. మీరు గంపగుత్తగా కొని, మీ ధర పెట్టి అమ్మారంటే మీరే ఇంకో దళారీ. అక్కడున్న రైతులే ముందు అభ్యంతరం చెబుతారు. అలా కాకుండా కొనేవాడి తరఫున సంచి మోసే మనిషిలా ఉండండి. బిల్లులో రైతు ధర ఒక వరసలో, మీ చేరవేత చార్జీ వేరే వరసలో కనబడాలి. యాప్ ధర బోర్డు ధర కంటే ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఉండొద్దు. మొదలుపెట్టే ముందు రైతు బజార్‌ని చూసుకునే ఎస్టేట్ ఆఫీసర్‌ని కలిసి, ఏం చేయబోతున్నారో కాగితం మీద రాసివ్వండి. లోపల టేబుల్ వేసుకుని సంచులు సర్దుకోవాలంటే ఆయన అనుమతి కావాలి.

మీ తూకం యంత్రానికి తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి, ఏటా వేయించుకోవాలి. దాన్ని తేలిగ్గా తీసుకోకండి.

గుట్టకింద_గుమాస్తా · సోమవారం మధ్యాహ్నం 1:30

అంతా బాగానే ఉంది గానీ, పది నిమిషాల్లో తెచ్చిచ్చే కంపెనీలు ఉన్నప్పుడు రాత్రి చెప్పి పొద్దుదాకా ఎవరు ఆగుతారు? మా వాడకట్టుకి తోపుడు బండి ఆయన రోజూ వస్తాడు. కరివేపాకు ఊరికే వేస్తాడు. మీ యాప్ వేస్తుందా?

సుబేదారి_సుగుణ · సోమవారం మధ్యాహ్నం 2:05

బండి ఆయన వచ్చేసరికి నేను ఆఫీసులో ఉంటాను గుమాస్తా గారూ. మా అపార్ట్‌మెంట్‌లో సగం మంది అంతే. కరివేపాకు మాట మాత్రం నిజం. అది ఊరికే వెయ్యకపోతే నేనే ఒక్క స్టార్ ఇస్తా.

నయీంనగర్_2020 · సోమవారం సాయంత్రం 6:45

2020 లాక్‌డౌన్‌లో మా కాలనీలో వాట్సాప్ గ్రూపుతో ఇదే పని నడిపాం. అన్ని కూరలూ కలిపి ఒకటే ధర సంచి. తలుపులు మూసి ఉన్నన్నాళ్లు ఎగబడ్డారు. ఆంక్షలు తీసేశాక ఎవరి దారిన వాళ్లు మార్కెట్‌కి పోయారు. చివరిదాకా నిలిచింది మాత్రం ఒక అపార్ట్‌మెంట్. అక్కడ వాచ్‌మన్ అన్ని సంచులూ ఒకేసారి తీసుకుని పెట్టేవాడు, మాకు ఒకటే ఆగడం.

గుమాస్తా గారి ప్రశ్నకి నా జవాబు అందులోనే ఉంది. స్పీడ్‌లో పెద్ద కంపెనీలతో పోటీ పెట్టుకోవద్దు, లెక్క తప్పుతుంది. ఒక పిల్లగాడికి పొద్దుటి పనికి 400, పెట్రోల్‌కి 100 అనుకోండి. ఊరంతా చెదిరిన 20 ఇండ్లకి తిరిగితే ఇంటికి 25 రూపాయలు పడుతుంది. రెండు మూడు వీధుల్లోనే 40 ఇండ్లుంటే 12.50. మూడొందల కూరగాయల బిల్లు మీద 12 రూపాయలు జనం ఇస్తారు. 25 అంటే బండి ఆయన కోసం ఆగుతారు.

కాబట్టి మూడు పట్నాలూ ఒకేసారి పెట్టుకోకండి. ఆఫీసు టైంలో ఫాతిమానగర్ బ్రిడ్జి దాటి కాజీపేటకి పోయి రావడం ఎట్లుంటదో నీకు తెలియంది కాదు.

కాజీపేట_కోడర్ · సోమవారం రాత్రి 8:55

తెలుసన్నా, రోజూ దాటేది నేనే 😅 అయితే మొదట హన్మకొండ వైపు అపార్ట్‌మెంట్లే పెట్టుకుంటాం.

పేమెంట్ గురించి ఎవరైనా చెప్తారా? ముందే యూపీఐలో తీసుకుందామనుకున్నాం.

మడికొండ_బ్యాకెండ్ · సోమవారం రాత్రి 10:20

ఇది కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

కూరగాయ బిస్కెట్ ప్యాకెట్ కాదు. కిలో వంకాయ అడిగితే తూకంలో 960 గ్రాములు రావచ్చు, 1,040 రావచ్చు. ఆనిగెపుకాయ (సొరకాయ) అయితే కిలో అని అడగడమే దండగ, కాయ ఎంతుంటే అంత. అందుకే ప్రతి ఐటమ్‌కి రెండు బరువులు దాచు: అడిగింది, తూగింది. ధర కూడా రెండు: రాత్రి చూపించిన అంచనా, పొద్దున బోర్డు మీద వచ్చింది. బిల్లు తూగిన బరువు మీద, బోర్డు ధరతో. అంచనా కంటే ధర మరీ పెరిగితే ఏం చెయ్యాలో ఆర్డర్ పెట్టేటప్పుడే అడుగు. ‘కిలో 40 దాటితే వద్దు’ అని ఒక గడి ఇస్తే సుగుణక్కకి టెన్షన్ ఉండదు.

ముందే డబ్బు తీసుకున్నావంటే ప్రతి బిల్లుకీ రెండు మూడు రూపాయల రీఫండ్ చెయ్యాలి. అది పెద్ద తలనొప్పి. యూపీఐలో మాండేట్ పెట్టి సొమ్ము ముందే బ్లాక్ చేసే వీలుంది గానీ, మూడొందల కూరగాయలకి జనం అన్ని మెట్లు నొక్కరు. తూకం అయ్యాక అసలు మొత్తంతో క్యూఆర్ తయారు చేసి పంపు, సంచి అందుకున్నాక కడతారు. ఆర్డర్ పెట్టి తలుపు తియ్యనివాళ్లకి మాత్రం తర్వాతిసారి నుంచి అడ్వాన్స్ అడుగు.

రైతుకి అదే రోజు పైసలు కావాలన్నాడు కదా, అది కస్టమర్ కట్టేదాకా ఆగకూడదు. పొద్దున సరుకు తీసుకున్నప్పుడే ఇచ్చెయ్యాలి. అంటే నీ దగ్గర ఒక రోజు సరుకుకి సరిపడా చేతి డబ్బు ఉండాలి. యాప్‌కి సర్వర్ ఖర్చు ఎంతని అడుగుతారు అందరూ, ఈ డబ్బు సంగతి ఎవరూ అడగరు.

టెక్నికల్‌గా రెండే మాటలు. తూకం దగ్గర వాడే స్క్రీన్ నెట్ లేకున్నా పనిచెయ్యాలి. జనం రద్దీలో సిగ్నల్ ఉన్నట్టే ఉండి డేటా కదలదు. ఫోన్‌లోనే రాసుకుని నెట్ వచ్చాక పంపాలి. ఇక ఆర్డర్ బటన్ రెండుసార్లు నొక్కితే రెండు ఆర్డర్లు పడకుండా ప్రతి కార్ట్‌కీ ఒక నంబర్ కట్టు. చివరి కిలో ఇద్దరికీ అమ్ముడుపోకుండా స్టాక్ తగ్గించే పని సర్వర్ వైపు ట్రాన్సాక్షన్‌లో (ఒకరిది పూర్తయ్యాకే ఇంకొకరిది) చెయ్యి, ఫోన్‌లో కాదు.

రంగుల_డబ్బా · మంగళవారం ఉదయం 9:30

నేను యూఐ డిజైనర్‌ని, యాప్ స్క్రీన్లు గీస్తాను. స్క్రీన్‌షాట్లు పంపమని అడిగి చూశాను. బాగున్నాయి, కానీ తెలుగు పెట్టి ఎవరూ టెస్ట్ చెయ్యలేదని తెలిసిపోతోంది. వత్తులు కింద తెగిపోతున్నాయి. ఇంగ్లిష్‌కి సరిపోయిన లైన్ ఎత్తు తెలుగుకి చాలదు, పెంచండి. బటన్లకి స్థిరమైన వెడల్పు తీసెయ్యండి. ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకునే పెద్దవాళ్లుంటారు, ఆ సెట్టింగ్ పెట్టి ఒకసారి చూడండి, మీ కార్ట్ బటన్ స్క్రీన్ అవతలికి పోయింది.

వెతికే గడిలో పుంటికూర అని కొట్టినా, గోంగూర అని కొట్టినా, ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టినా అదే రావాలి. అలాగే ఆనిగెపుకాయ, సొరకాయ. ఎల్లిగడ్డ, వెల్లుల్లి. ఆలుగడ్డ, బంగాళదుంప. ఈ జంట పేర్ల పట్టిక ఒకటి రాసుకుంటే పోయేదానికి సెర్చ్ సర్వీస్ కొనకండి.

బరువుకి కీబోర్డు వద్దు. పావు, అర్ధ, కిలో, రెండు కిలోలు అని నాలుగు బటన్లు. ఆకుకూరలకి కట్టలు. కట్ట ఎంతుంటుందో చేతిలో పట్టుకున్న ఫోటో ఒకటి పెట్టండి, లేకపోతే ‘ఇంత చిన్న కట్టనా’ అని రోజూ గొడవ.

మ్యాప్‌లో కదిలే బండి బొమ్మ తీసెయ్యమని నా సలహా. పొద్దున ఏడింటికి వచ్చే సంచి కోసం ఎవరు మ్యాప్ చూస్తూ కూర్చుంటారు? ‘మీ గేటు దగ్గర ఉన్నాం’ అని ఒక నోటిఫికేషన్ చాలు.

మడికొండ_బ్యాకెండ్ · మంగళవారం ఉదయం 9:52

దీనికి ఒకటి కలుపు. రైతులకి తెలుగు ఎస్సెమ్మెస్ పంపుతావేమో, అది యూనికోడ్‌లో పోతుంది. ఇంగ్లిష్‌కి 160 అక్షరాలు పడితే ఇక్కడ ఒక మెసేజ్‌కి 70 మాత్రమే, వత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కలోకొస్తాయి. దాటితే ఇంకో మెసేజ్ చార్జీ. పైగా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన ప్రకారం, పంపే మెసేజ్ నమూనాని (టెంప్లేట్) డీఎల్‌టీ అనే పోర్టల్‌లో ముందే రిజిస్టర్ చేసుకోవాలి. ఓటీపీకి కూడా అదే. ఈ పని ఇప్పుడే మొదలుపెట్టు, చివర్లో పెట్టుకుంటే లాంచ్ ఆగుతుంది.

పరకాల_పద్మ · మంగళవారం మధ్యాహ్నం 12:40

ఒక్కో రైతుతో విడివిడిగా మాట్లాడే బదులు ఒకే ఊరి రైతులని గుంపుగా పట్టుకుంటే? మన పక్కనే ముల్కనూరు రైతుల సహకార సొసైటీ 1956 నుంచి నడుస్తోంది, అక్కడి మహిళల డెయిరీ 2000లో మొదలైంది. పాలు పోసేది వేరు, కూరగాయలు వేరు, నాకు తెలుసు. కానీ లెక్కలు రాయడం, నాణ్యత చూడడం, డబ్బులు పంచడం ఊళ్లోనే జరిగితే మీ యాప్ సగం తేలికవుతుంది. ఫోన్ కూడా ఊరికి ఒక్కటే చాలు.

ఆత్మకూరు_రైతు · మంగళవారం మధ్యాహ్నం 2:10

పద్మక్క చెప్పింది మంచిదే కానీ మొదలే సంఘం అంటే మీటింగుల్లోనే ఏడాది పోతది. ముందు నలుగురితోటి చెయ్యండి. సరిగ్గా పైసలొస్తే మిగతోళ్లు వాళ్లే అడుగుతరు.

యాప్‌ల ప్రతి కూరకీ ‘స్థానిక రైతు’ అని రాస్తమంటే మాత్రం జాగ్రత్త. చలికాలం మా టమాట అడిగేటోడు ఉండడు, ఎండాకాలం మదనపల్లి లోడ్ మీదనే నడుస్తది. మే నెలల మా చేన్ల టమాట ఎక్కడిది? బెండకాయ రోజు మార్చి రోజు తెంపుతం, కాబట్టి ఒకే రైతు దగ్గర రోజూ ఉండదు. లిస్టు రోజూ మారుతదని జనానికి ముందే చెప్పండి.

కాజీపేట_కోడర్ · మంగళవారం మధ్యాహ్నం 2:30

బయటి సరుకు అయితే ఎక్కడిదో అదే రాస్తాం. లేదంటే ఆ రోజు టమాట పెట్టం.

సుబేదారి_సుగుణ · మంగళవారం మధ్యాహ్నం 3:15

టమాట లేని కూరగాయల యాప్ ఎవరు తెరుస్తారు బాబూ! ఊరు పేరు రాసి అమ్మండి, మేం కొంటాం.

ఈ చర్చకి సంబంధం లేదు గానీ, బతుకమ్మకి తంగేడు, గునుగు ముందే బుక్ చేసుకునే వీలు పెట్టండి. సద్దుల రోజు పువ్వు కోసం ఎన్ని తిప్పలు పడతామో మీకేం తెలుసు. ఆ ఒక్క దాని కోసమే మా అపార్ట్‌మెంట్ మొత్తం యాప్ వేసుకుంటుంది.

గుట్టకింద_గుమాస్తా · మంగళవారం మధ్యాహ్నం 3:40

ఇది మాత్రం మంచి ఐడియా. నేను కూడా వేసుకుంటా. ఆ తర్వాత తీసేస్తా 😄

మార్కెట్_పెద్దాయన · మంగళవారం సాయంత్రం 5:20

ఒక్క మాట మర్చిపోయాను. రైతుకి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద లైసెన్స్ అక్కర్లేదు. యాప్ నడిపే మీకు మాత్రం కావాలి, ఆన్‌లైన్‌లో ఆహారం అమ్మేవాళ్లకి సెంట్రల్ లైసెన్స్ వర్తిస్తుంది. తాజా కూరగాయల మీద జీఎస్టీ లేదు, మీ చేరవేత చార్జీ సంగతి వేరు. ఒక ఆడిటర్‌ని అడిగి తెలుసుకోండి.

రంగుల_డబ్బా · మంగళవారం సాయంత్రం 6:00

ప్లే స్టోర్ కూడా చూసుకోండి. కొత్తగా తీసుకున్న వ్యక్తిగత అకౌంట్ అయితే 12 మంది టెస్టర్లు వరుసగా 14 రోజులు యాప్‌లో ఉన్నాకే విడుదలకి అడగనిస్తారు. ఆ 12 మందినీ మీ క్లాస్‌లోంచి తీసుకోకండి. సుగుణ గారి అపార్ట్‌మెంట్ వాళ్లని అడగండి.

కాజీపేట_కోడర్ · మంగళవారం రాత్రి 9:25

అందరూ చెప్పినవి పెట్టుకుని మళ్లీ గీశాం. రైతు యాప్ ఆపేశాం. దాని బదులు మా వైపు ఒక అడ్మిన్ పేజీ ఉంటుంది. రాత్రి ఆర్డర్లన్నీ కూరల వారీగా కూడి ‘బెండ 14 కిలోలు, వంకాయ 9’ అని చూపిస్తుంది, మేం రైతులకి ఫోన్ చేసి చెప్తాం. పొద్దున అనుమతి తీసుకున్న చోట టేబుల్ వేసి, సరుకు ఒకేసారి తీసుకుని, అక్కడే డబ్బులిచ్చి, తూకం వేసి సంచులు కడతాం. మధ్యలో ‘తూకం’, ‘సర్దారు’ అని రెండు స్టేటస్‌లు కలిపాం. నెట్ లేకున్నా నడిచేది ఆ తూకం స్క్రీన్ ఒక్కటే. మ్యాప్ పోయింది. డెలివరీ 6:45 నుంచి 7:45 వరకు, ముందు సుబేదారి, నక్కలగుట్ట అపార్ట్‌మెంట్లకే. ఆర్డర్ గడువు రాత్రి 9.

కరివేపాకు ఫ్రీ. కోడ్‌లో రాసేశాం, తీసెయ్యడం కుదరదు 🙂

ఆత్మకూరు_రైతు · బుధవారం ఉదయం 10:50

తొమ్మిదికి చెప్తే ఆకుకూర కాదు తమ్మీ. పాలకూర, పుంటికూర పొద్దుగూకంగనే కోసి కట్టలు కట్టి తడిబట్ట కప్పి పెడతం. చీకట్ల మళ్లీ చేన్లకి పోం. ఆకుకూరలకి ఆరింటికే చెప్పాలె. కాయలు తొమ్మిదికి చెప్పినా నడుస్తది.

సుబేదారి_సుగుణ · బుధవారం మధ్యాహ్నం 1:05

ఆరింటికి నేను బస్సులో ఉంటాను. రేపేం వండాలన్న ఆలోచన వచ్చేదే రాత్రి అన్నం తిన్నాక.

మడికొండ_బ్యాకెండ్ · బుధవారం మధ్యాహ్నం 1:30

రెండు గడువులు పెట్టండి. గడువుని ఆర్డర్‌కి కాదు, ఐటమ్‌కి కట్టండి. ఆకుకూరలకి 6, మిగతావాటికి 9. సాయంత్రం ఐదింటికి ‘పాలకూర కావాలా’ అని ఒక నోటిఫికేషన్. వారం వారం ఒకే ఆకుకూర తీసుకునేవాళ్లకి ‘ప్రతి మంగళవారం రెండు కట్టలు’ అని ముందే పెట్టుకునే వీలివ్వండి. రైతుకీ నమ్మకం ఉంటుంది.

కాజీపేట_కోడర్ · బుధవారం రాత్రి 8:40

చేస్తాం అన్నా. ఒక్క డౌట్. ఆరు దాటాక ఆకుకూరలు లిస్టులోంచి తీసెయ్యాలా, బూడిద రంగులో ఉంచాలా?

రంగుల_డబ్బా · బుధవారం రాత్రి 9:02

ఉంచండి. తీసేస్తే మీ దగ్గర ఆకుకూరలే లేవనుకుంటారు. బటన్ మీద ‘రేపటి గడువు దాటింది, ఎల్లుండికి చెప్పండి’ అని రాసి, నొక్కితే ఎల్లుండి ఆర్డర్‌లోకి పోవాలి. ఆ వాక్యం పెద్ద అక్షరాల్లో రెండు లైన్లకి వస్తుంది, వత్తులు తెగకుండా చూసుకో.